మలుపు దగ్గర మూడో చానెల్

"నేను చెప్పినాను మా. లోడు దిగతా ఉంది అని వైర్‌లెస్ సెట్టులో చెప్పినాను. ఎవురూ పలకలేదు. అందుకే దిగినాను."

పరశురామ్ ఈ మాట ఎన్నోసారి చెబుతున్నాడో అంబిక లెక్కపెట్టడం మానేసింది. లాకప్ ఊచల అవతల గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. రాత్రంతా నిద్రలేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మధ్యాహ్నం దాటితే అతన్ని హోసూరు కోర్టుకు తీసుకుపోతారు. పెట్టింది ప్రమాదం కేసు కాదు, హత్య కేసు. అతని భార్య కలైవాణి తెల్లవారగానే ఫ్యాక్టరీ షిఫ్టు చీరలోనే పరుగెత్తుకొచ్చి, బాగలూరు రోడ్డులో జెరాక్సు షాపు పైన ఉన్న అంబిక డిటెక్టివ్ ఆఫీసు తలుపు బాదింది. వచ్చింది మొదలు ఏడవలేదు. "ఆయన కావాల్నని ఎవుర్నీ గుద్దే మనిషి కాదు మా" అని ఒక్క మాట అని కూర్చుండిపోయింది. ఏడ్చి ఉంటే అంబికకు ఇంత బెంగ ఉండేది కాదు.

జరిగింది క్లుప్తంగా ఇదీ. డెంకణికోట దారిలో ఉన్న గుండుకొండ మీద రెండు గ్రానైటు క్వారీలు, తూర్పుది ఒకటి, పడమటిది ఒకటి. కిందికి దిగే దారి మాత్రం ఒక్కటే, అదీ ఒక బండి పట్టేంత. నిన్న మధ్యాహ్నం పరశురామ్ రాతి దిమ్మెతో దిగుతూ మునీశ్వరుడి మలుపులో ఒక జీపును గుద్దాడు. వైర్‌లెస్ ఇంజనీరు నరేష్ అక్కడికక్కడే పోయాడు. అంతకు ముందురోజే పరశురామ్ ఆ నరేష్‌తో టీ కొట్టు దగ్గర గొంతు చించుకుని పోట్లాడాడు. పదిమంది విన్నారు. ఇన్‌స్పెక్టర్ దర్శన్‌కు అంతకంటే ఏం కావాలి?

"ఏ చానెల్లో చెప్పినావు?" అని అడిగింది అంబిక.

పరశురామ్ నీళ్ళు నమిలాడు. "మా చానెల్లోనే."

"మీ తూర్పోళ్ళకు ఇచ్చింది ఒకటో చానెల్. పడమటోళ్ళకు రెండోది. నరేష్ జీపులో సెట్టు మూడులో ఉండింది. మూడు ఎవరికీ ఇవ్వలేదు. మరి ఆ మనిషి మూడులో ఎవరికోసం కాచుకోని ఉన్నాడు?"

పరశురామ్ ముఖం తిప్పుకున్నాడు. పోలీసు కంట్రోల్ రూములో వైర్‌లెస్ ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి అంబిక. ముఖం చూడకుండానే అవతలివాడు ఏదో దాస్తున్నాడని పసిగట్టగలదు. ఇక్కడైతే మనిషి కళ్ళెదుటే ఉన్నాడు.

"పరశురామప్పా, నువ్వు ఎవర్ని కాపాడుతున్నావో నాకు తెలీదు. వాళ్ళెవరూ ఈపొద్దు కోర్టులో నీ పక్కన నిలబడరు. కలైవాణి ఒక్కతే నిలబడుతుంది."

ఆ పేరు వినగానే అతను లేచి ఊచల దగ్గరికి వచ్చాడు.

"ఒట్టు పెట్టుకున్నాము మా. మునీశ్వరుడి దగ్గర, డ్రైవర్లందరమూ" అన్నాడు గొంతు తగ్గించి. "మాది ఒకటి, పడమటోళ్ళది రెండు. మా గొంతు వాళ్ళకు రాదు, వాళ్ళది మాకు రాదు. దారి చూస్తే ఒక్కటే. ఇట్లయితే యాడనో ఒకచోట ఎదురెదురుగా కొట్టుకోని చస్తాము గదా. అందుకే మలుపు వచ్చేముందర అందరమూ మూడుకు తిప్పుకుంటాము. ఎక్కేవాడు ఎక్కతా ఉండా అంటాడు, దిగేవాడు దిగతా ఉండా అంటాడు. ఎదురుగా ఎవురైనా ఉంటే పలకతారు. పలకలేదంటే దారి ఖాళీ. మూడు మాది కాదు. ఆపీసర్లకు తెలిస్తే సెట్లు పెరుక్కోని పోతారు. మల్ల అందరమూ గుడ్డోళ్ళమే."

కాగితం మీద అన్నదమ్ముల పంపకంలాగా చక్కగానే పంచారు చానెళ్ళు. పంచినవాళ్ళలో ఒక్కరూ ఆ దారిన లారీ ఎక్కి పోలేదు. అంబికకు ఒళ్ళు మండింది.

"నరేష్‌తో ఎందుకు పోట్లాడినావు?"

"మూడుకు సీలు వేస్తాను అన్నాడు. నాకు కోపం వచ్చి అరిచినాను. సాయంత్రానికి ఆయనే వచ్చి, నువ్వు చెప్పింది నిజమే పరశురామ్, మలుపుకు ఒక చానెల్ వేరేగా అడిగి ఇప్పిస్తాను అన్నాడు. మంచోడు మా. ఇంగొక మాట గూడా అన్నాడు. ఒకటిలో చెవి పెట్టి వింటా ఉంటే, ఉండే బండ్ల కంటే గొంతులు ఎక్కువ వస్తా ఉండాయి, మీ తూర్పులో లెక్కలో లేని బండ్లు తిరగతా ఉండాయేమో అని."

దొంగ లారీలు, దొంగ రాయి. చానెళ్ళు పంచడానికి వచ్చిన మనిషి చెవిలో పడకూడని గొంతులు పడ్డాయన్నమాట. అంబిక ఊచలకు మరింత దగ్గరగా జరిగింది.

"నువ్వు మూడులో మాట్లాడినప్పుడు సెట్టు మీద పచ్చలైటు వెలుగుతా ఉండిందా?"

"వెలగతానే ఉండింది మా. గొంతు మాత్రం రాలేదు. గొంతు లేదంటే మనిషి లేడనే గదా!"

అంబికకు విషయం అర్థమైంది. లైటు వెలిగిందంటే ఆ చానెల్లో ఎవరో బటను నొక్కి పట్టుకున్నారు. దగ్గర్లో ఒకడు అలా పట్టుకుంటే ఇంకెవరి మాటా ఎవరికీ చేరదు. డ్రైవర్లు గొంతు కోసం చెవి పెట్టారే కానీ లైటును ఎన్నడూ పట్టించుకోలేదు. ఎవడో పట్టించుకున్నాడు. వాడికి ఈ డ్రైవర్ల అలవాటు బాగా తెలుసు.

"టైమ్ అయిపోయింది, అంబిక మేడం!" వెనక నుంచి దర్శన్ గొంతు. ఒకప్పుడు ఒకే స్టేషన్లో పనిచేశారు ఇద్దరూ. ఆమె ఉద్యోగం మానేసింది, అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. అప్పటి నుంచి ఎదురుపడితే చాలు, పుల్లవిరుపు మాటలే. "కథ బాగా చెప్పినాడా? నాకు రాత్రంతా చెప్పినాడు."

"నీకు సగమే చెప్పినాడు. కోర్టుకు తీసుకుపోకముందు ఒక్కసారి మలుపు దగ్గరికి రా, దర్శన్."

"వస్తాను. మీరు ఓడిపోతే చూడాలని నాకూ ఉండదా?" అని నవ్వాడు.

నిన్న ఒక మనిషి పోయినా ఈరోజు దిమ్మెలు దిగుతూనే ఉన్నాయి. ఆంజినప్ప అనే తూర్పు క్వారీ డ్రైవరు తన ఖాళీ లారీలో అంబికను కొండ పైకి తీసుకుపోయాడు. పరశురామ్‌కు స్నేహితుడు, మాట తక్కువ మనిషి. మూడో చానెల్ సంగతి పరశురామ్ చెప్పేశాడని తెలియగానే అతని భుజాలు తేలికపడ్డాయి.

తూర్పు క్వారీ మేనేజరు చెన్నరాయప్ప నుదుటి నిండా విభూతితో ఎదురొచ్చాడు. మజ్జిగ ఇప్పించాడు. నరేష్ పేరెత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"బంగారం లాంటి పిల్లోడమ్మా. చప్పుడు వినంగానే అందరికంటే ముందర నేనే పరిగెత్తినాను. నా చేతులతోనే ఎత్తినాను."

"డ్రైవర్లు మూడో చానెల్ ఏమైనా వాడతారా?"

"మూడా?" ఆయన ముఖంలో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు. "మాకు ఇచ్చింది ఒకటి, పడమటోళ్ళకు రెండు. మూడు అనే మాటే నేను వినలేదమ్మా. ఈ సెట్ల యవ్వారం నాకేమి తెలుసు?"

లారీకి దిమ్మె ఎక్కించి గొలుసులు బిగించేదాకా ఆమె అక్కడే తిరిగింది. ఏమీ దొరకలేదు. ఆమె క్యాబిన్‌లోకి ఎక్కుతుండగా చెన్నరాయప్ప ఒక చిన్న రేకు పెట్టె తెచ్చి సీటు కింద పెట్టించాడు.

"పరశురామ్‌ది. డ్రైవర్ల షెడ్డులో ఉండిపోయింది. వాని పెండ్లానికి ఇయ్యండి, బట్టలు ఉంటాయి. బీగం చెవి వాని దగ్గరే ఉండాది." మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. "జాగ్రత్తగా పోయిరాండమ్మా."

మలుపుకు ఇవతలే లారీ ఆపించి అంబిక దిగి నడిచింది. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ. బండ మీద మునీశ్వరుడి శూలం, దాని కింద ఎండిన నిమ్మకాయలు. దర్శన్ అప్పటికే పోలీసు జీపులో వచ్చి నిలబడి ఉన్నాడు.

"చూడండి. అద్దం ముక్కలు ఈడ, లారీ టైర్ల గీతలు ఈడ. వాడు చూసే గుద్దినాడు" అన్నాడు.

అంబిక వంగి నేల వెతికింది. గాజు ముక్కల మధ్య అరచేయంత నల్లటి మరక. వేలితో తాకి వాసన చూసింది. "ఇంజన్ ఆయిలు. బొట్టు బొట్టుగా ఒకేచోట కారి గుంటలో నిలిచింది. పోతా ఉన్న జీపు కిందైతే ఇట్ల మడుగు కట్టదు. నరేష్ జీపు ఈడ చానాసేపు నిలబడి ఉండింది. జీపు టైర్లు జారిన గీత ఒక్కటి చూపించు నాకు!"

"నిలబెట్టినాడు. అయితే?"

"సందు మలుపులో ఎవడైనా ఎందుకు నిలబెడతాడు? కిందికి పోయి చెక్‌పోస్టు దగ్గర పెట్టిన ఆ నుజ్జు జీపులో హ్యాండ్‌బ్రేకు చూడు. లాగి ఉంటే నేను చెప్పింది నిజం."

దర్శన్ మూతి ముడిచాడు. ఇంతలో అంబిక కళ్ళు శూలం పక్కన ఆగాయి. నిమ్మకాయల వెనక జానెడు నల్లటి కడ్డీ ఒకటి నిలబెట్టి ఉంది. చేతి వైర్‌లెస్ సెట్టు ఏరియల్. తీసి చూసింది. విరగలేదు, వంగలేదు. మర చక్కగా ఉంది. ఎవరో నెమ్మదిగా విప్పి, పోకుండా జాగ్రత్తగా అక్కడ పెట్టారు.

"ఇది నరేష్‌ది. గుద్దుడుకు ఊడింది కాదు, ఆయనే విప్పినాడు" అంది.

"విప్పినాడు, చెవి గోక్కున్నాడు, దేవునికి పెట్టినాడు!" దర్శన్ పగలబడి నవ్వాడు. "మేడం, కోర్టులో నేను రక్తం చూపిస్తాను, మీరు కడ్డీ చూపించండి."

"నీ నవ్వు తరవాత నవ్వుకో. ముందు హ్యాండ్‌బ్రేకు చూసి రా. నీకు భయమైతే చెప్పు, నేనే పోతాను."

భయం అనే మాట అతనికి గిట్టదు. కోపంగా జీపెక్కి దడదడమని కిందికి పోయాడు. అంబిక కడ్డీని వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు నిలబడింది. ఏరియల్ లేకపోతే సెట్టు చెవిటిది. ప్రమాదం ముంచుకొస్తుంటే మనిషి తన సెట్టును తానే ఎందుకు చెవిటిది చేసుకుంటాడు? ఎంత ఆలోచించినా తెగలేదు. కోర్టు టైము తరుముకొస్తోంది. విసుగ్గా వచ్చి లారీ ఎక్కింది.

"పోదాం ఆంజినప్పా."

ఆంజినప్ప ఇంజను పట్టించి, సెట్టును మూడుకు తిప్పాడు. "ఆంజినప్ప, లోడు దిగతా ఉండా" అన్నాడు. బటను వదిలాడు. ఉలుకూ పలుకూ లేదు. గేరు వేశాడు. వెనక రాతి దిమ్మె బరువుతో గొలుసులు కిర్రుమన్నాయి. బండి మెల్లగా కదిలింది.

సెట్టు మీద పచ్చలైటు వెలుగుతోంది.

"ఆపప్పా! ఆపు!"

"ఎవురూ పలకలేదు గదమ్మా, దారి ఖాళీ..."

"ఆపమంటే ఆపు!" అరిచిన అరుపుకు ఆంజినప్ప నిలువునా బ్రేకు తొక్కాడు. లారీ గడగడ వణికి, మలుపు అంచున ఆగింది. మరుక్షణం కింది నుంచి పోలీసు జీపు రివ్వున మలుపు తిరిగి, లారీ మూతికి మూరెడు దూరంలో కీచుమంటూ నిలిచింది. దర్శన్ స్టీరింగును రెండు చేతులా పట్టుకుని కొయ్యబారిపోయాడు. లారీ ఆగకుండా దిగి ఉంటే ఆ జీపు లోయలో ఉండేది. ఆంజినప్ప ఇంకో పరశురామ్ అయ్యేవాడు.

అంబిక కళ్ళు ఆ పచ్చలైటును వదలలేదు. ఎవరో ఇప్పుడే, ఈ నిమిషమే, బటను నొక్కి ఉంచారు. ఎక్కడి నుంచి? ఒళ్ళోని కడ్డీ వైపు చూసింది. అప్పుడు తెలిసింది నరేష్ ఏం చేశాడో. ఏరియల్ తీసేస్తే దూరం మాటలు పోతాయి. మరీ దగ్గరిది, పక్కనే ఉన్నది మాత్రమే వినబడుతుంది. నరేష్ దొంగ సెట్టును వెతుకుతున్నాడు.

సెట్టు వెనకకు చేయి పోనిచ్చి ఏరియల్ తీగ పీకేసింది. లైటు ఆరిపోవాలి. ఆరలేదు.

"ఆంజినప్పా," అంది అంబిక. "అది ఈ క్యాబిన్‌లోనే ఉంది."

ఇద్దరి చూపులూ ఒకేసారి సీటు కిందికి పోయాయి.

జాకీ రాడ్డుతో బీగం పగలగొట్టారు. మడిచిన చొక్కాల మధ్య చేతి సెట్టు ఒకటి. బటను మీద సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టారు. మాట చొరబడకుండా మైకుకు గుడ్డ కట్టారు. దర్శన్ అప్పటికి దిగి వచ్చి క్యాబిన్‌లోకి తొంగిచూస్తున్నాడు. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. అయినా పెట్టె మీద రంగుతో రాసిన పేరు చదవగానే ఇన్‌స్పెక్టరు మేలుకున్నాడు.

"పరశురామ్! వాని పెట్టెలోనే దొరికింది. ఇంగేమి చెప్తారు మేడం?"

పరశురామ్‌ను బయటికి తెచ్చే ఒకే ఒక్క వస్తువు అతని మెడకే ఉరి అయ్యేలా ఉంది. అంబిక సెట్టును చేతిలోకి తీసుకుంది. చురుక్కుమని కాలింది.

"పట్టుకో" అంటూ దర్శన్ చేతిలో పెట్టింది. అతను ఉలిక్కిపడ్డాడు. "కాలుతోంది గదా? ఇట్ల నొక్కి కట్టేస్తే బ్యాటరీ ఒక పూట కూడా రాదు. దీన్ని ఈపొద్దే, కాసేపటి ముందే కట్టినారు. పరశురామ్ నిన్న సాయంత్రం నుంచి నీ లాకప్‌లో ఉన్నాడు. లాకప్‌లో నుంచి వచ్చి కట్టినాడా?"

దర్శన్ సెట్టును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"దొంగ బండ్ల సంగతి పసిగట్టినాడని నిన్న ఇదే సెట్టును నరేష్ జీపులో దాచిపెట్టినారు. లైటు చూసి ఆయన ఆగినాడు. ఏరియల్ విప్పి చూసినాడు, తన బండిలోనే ఉందని తెలుసుకున్నాడు. వెతుకుతా ఉండంగా లారీ వచ్చేసింది. అందరికంటే ముందర పరిగెత్తిపోయి దీన్ని ఎవరు తీసుకున్నారో నాకు తెలుసు. హ్యాండ్‌బ్రేకు?"

"లాగే ఉంది" అన్నాడు దర్శన్, ఎక్కడో చూస్తూ.

ఆమె ట్యూబు ముక్క కోసేసింది. లారీ సెట్టు మీద పచ్చలైటు ఆరిపోయింది. ఏరియల్ తీగ మళ్ళీ తగిలించిందో లేదో, స్పీకరులోంచి గొంతు వచ్చింది.

"ఆంజినప్పా... ఆంజినప్పా, దిగినావా?"

చెన్నరాయప్ప! మూడు అనే మాటే వినని మనిషి మూడో చానెల్లో పిలుస్తున్నాడు. ఆంజినప్ప చేయి మైకు మీదికి పోబోతే అంబిక పట్టుకుంది. పెదవుల మీద వేలు పెట్టింది. ఇంకా మాట్లాడనీ, దర్శన్ చెవులారా విననీ అనుకుంది.

స్పీకరు మళ్ళీ గరగరమంది. బటను వదలడం మరిచినట్టున్నాడు, ఈసారి ఆ గొంతు పక్కనున్న లారీ డ్రైవరు ఎవరితోనో చెబుతోంది. "పలకలేదు. ఆ ఆడమనిషి పని అయిపోయినట్టే. మనుషులు చేరకముందర లెక్కలో లేని ఈ బండిని చెరువు దారిలో మళ్ళించు. గుర్రప్పా, బండి ఇడువు."

ఆ మాట చెవిన పడ్డాక కానీ తను ఏం చేసిందో ఆమెకు తెలిసిరాలేదు. ఈ కొండ మీద పలకకపోవడమంటే దారి ఖాళీ అని చెప్పడం. అందరికీ ఆ పాఠం చెబుతూ చెబుతూ తనే నోరు మూసుకుని కూర్చుంది! పైన లోడు లారీ ఇంజను గర్జించింది. చెరువు దారి చీలేది మలుపు దాటాకే. ఈ సందులో ఒక లారీ, ఒక జీపు, ముగ్గురు మనుషులు.

మైకు లాక్కుంది. "ఆపండి! మలుపులో మనుషులున్నాం! గుర్రప్పా, ఆపు!" బటను వదిలింది.

పచ్చలైటు వెలిగింది. గొంతు రాలేదు. లైటు ఆరలేదు.

చెన్నరాయప్ప ఆమె గొంతు విన్నాడు. విని, బటను నొక్కి పట్టుకున్నాడు. గుర్రప్ప ఇంకా ఒకటో చానెల్లోనే ఉండి ఉంటాడు. మూడుకు తిప్పేసరికి అతనికి దొరికేది ఈ మౌనమే.

"హారన్ మీదినుంచి చెయ్యి తీయద్దు!" అని ఆంజినప్పకు చెప్పి దూకింది. దిమ్మె వెనక కట్టిన ఎర్రగుడ్డను పీకి, ఎగువకు పరుగెత్తింది. వెనక బూట్ల చప్పుడు. దర్శన్ ఖాకీ చొక్కా విప్పి గాలిలో ఊపుతూ ఆమెను దాటి పోయాడు. రొప్పుతూ, ఎవరూ వినని కేకలు పెడుతూ ఇద్దరూ ఏటవాలు ఎక్కారు. ఎదురుగా దుమ్ములోంచి లారీ ముఖం లేచింది. అంబిక పక్కకు తప్పుకోలేదు. తప్పుకుంటే గుర్రప్పకు కనబడదు.

బ్రేకులు అరిచాయి. రాళ్ళు ఎగిరి ఆమె కాళ్ళకు తగిలాయి. బండి జారి, జారి, ఎర్రగుడ్డకు చేయి చాపితే తగిలేంత దగ్గరలో ఆగింది.

నెంబరు ప్లేటు లేని లారీ అది. తలుపు తెరుచుకుని నెరిసిన మీసాల మనిషి ఒకడు కిందికి జారినట్టు దిగాడు.

"నేను చెప్పినాను మా. లోడు దిగతా ఉంది అని మూడులో చెప్పినాను. ఎవురూ పలకలేదు గదమ్మా..."

దర్శన్ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. రాత్రంతా లాకప్‌లో విన్న మాటే అది. అతను లారీ మెట్టెక్కి లోపలికి చూశాడు. అంబిక కూడా చూసింది. గుర్రప్ప సెట్టు మీద పచ్చలైటు నిశ్శబ్దంగా వెలుగుతోంది.

వాళ్ళు చూస్తుండగానే అది ఆరిపోయింది. కొండ మీద ఎవరో బటను మీది నుంచి వేలు తీశారు.